బానెట్ ఎత్తాక ఏది ఎక్కడ? ఫ్యాను తిరగని కారు ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. రోడ్డు మీద నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదు. ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), సెన్సర్ మీరే చూసుకుందామని బానెట్ ఎత్తారు. వీడియోలో చూపించిన చోట మీ బండిలో అవేవీ లేవు. బానెట్ కింద ఏ ఎలక్ట్రికల్ భాగం ఎక్కడ ఉంటుందో గుర్తుపట్టే పద్ధతి ఏదైనా ఉందా అని అడుగుతున్నారు.

ఉంది. ముందుగా మీకు కావలసిన నాలుగింటి చోట్లు చెప్పేస్తాను. ఫ్యాను ఫ్యూజు, రిలే దాదాపు అన్ని హ్యాచ్‌బ్యాక్‌లలో బ్యాటరీ పక్కన ఉండే నల్లటి ప్లాస్టిక్ పెట్టెలో ఉంటాయి. పెట్టె మూత తీసి వెనక్కి తిప్పండి, లోపలి వైపు పటం ఉంటుంది. టెంపరేచర్ సెన్సర్ రేడియేటర్ గొట్టం ఇంజిన్ హెడ్‌ను కలిసే చోట, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీటికి దారి తెరిచే కవాటం) ఉండే అల్యూమినియం లేదా ప్లాస్టిక్ గూడు మీద బిగించి ఉంటుంది. దానికి సాధారణంగా రెండు వైర్ల కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఉంటుంది. ఫ్యాను మోటారు రేడియేటర్‌కు ఇంజిన్ వైపున ఉంటుంది. ఫ్యాను చుట్టూ ఉన్న చట్రానికే దాని కప్లర్‌ను క్లిప్పుతో బిగిస్తారు.

చెయ్యి పెట్టే ముందు రెండు జాగ్రత్తలు. తాళం తీసేసినా కొన్ని బండ్లలో ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది. కాబట్టి రెక్కల దగ్గర పని ఉంటే బ్యాటరీ నెగటివ్ తీసేశాకే వేళ్లు పెట్టండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపలి నీరు ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులైన క్షణంలో ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగదన్నుతుంది.

ఇక మీరు చూసిన వీడియో సంగతి. సర్వీస్ మాన్యువల్‌లో ఎడమ, కుడి అని రాస్తే అవి డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూసే మనిషి ఎడమ, కుడి. మీరు బంపర్ ముందు నిలబడి చూస్తుంటే రెండూ తారుమారవుతాయి. దీనికి తోడు ఆ వీడియో అమెరికాదో, యూరప్‌దో అయితే స్టీరింగే రెండో వైపు ఉంటుంది. బ్రేకు బూస్టరు (బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే గుండ్రటి డబ్బా) ఎక్కువగా డ్రైవర్ ముందుండే గోడకు బిగుస్తుంది. అది అటు పోతే ఫ్యూజు పెట్టె, ఏబీఎస్ యూనిట్, వైపర్ మోటారు లాంటివీ దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. డాలస్‌లో ఉన్న మా బంధువు ఒకాయన తన కారు ఫోటోలు పంపినప్పుడల్లా నేను ముందు స్టీరింగు ఎటుందో గుర్తు చేసుకుని, తర్వాతే జవాబిస్తాను. ఇండియాలోనే ఒకే పేరుతో అమ్మిన కారులో పెట్రోలుకు, డీజిలుకు, ఆటోమేటిక్ గేరుబాక్సుకు ఫ్యూజు పెట్టెలు వేరువేరుగా ఉండవచ్చు. అందుకని వీడియోలో చోటు కంఠస్థం చేస్తే లాభం లేదు. ప్రతి భాగాన్నీ దాని పని బట్టి వెతకాలి. ఆల్టర్నేటర్‌ను బెల్టు లేని చోట పెట్టలేరు, స్టార్టర్‌ను గేరుబాక్సుకు దూరంగా పెట్టలేరు. కంపెనీ మారినా ఈ సూత్రం మారదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగు పని చేస్తాను. కొత్తగా చేరే కుర్రాళ్లకు మొదట చూపించేవి మూడు: బ్యాటరీ, బెల్టు, గేరుబాక్సు. ఈ మూడూ దొరికితే మిగతావి వాటి చుట్టూనే ఉంటాయి.

బ్యాటరీ ఎలాగూ కనిపిస్తుంది. మన హ్యాచ్‌బ్యాక్‌లలో ఇంజిన్‌ను అడ్డంగా పెడతారు, దాని ఒక చివర గేరుబాక్సు ఉంటుంది. గేరుబాక్సు ఇంజినంత ఎత్తు ఉండదు కాబట్టి దాని పైన ఖాళీ మిగులుతుంది. చాలా బండ్లలో బ్యాటరీ కూర్చునేది ఆ ఖాళీలోనే. ఇక్కడి కార్లలో అది ఎక్కువగా డ్రైవర్‌కు ఎడమ వైపు, అంటే మీరు ముందు నిలబడితే మీ కుడి చేతి వైపు. దానికి ఎదురు చివర బెల్టు ఉంటుంది.

బ్యాటరీ పాజిటివ్ నుంచి బయల్దేరే లావు కేబుల్‌ను కళ్లతో వెంబడించండి. ఒక కొమ్మ ఫ్యూజు పెట్టెలోకి పోతుంది. ఇంకొకటి కిందికి దిగి, ఇంజిన్, గేరుబాక్సు కలిసే అతుకు దగ్గర ఒక స్తంభాకారపు మోటారు మీద ఆగుతుంది. అది స్టార్టర్, మనవాళ్ల భాషలో సెల్ఫ్ మోటారు. దాని పళ్ల చక్రం ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) అంచున ఉన్న పళ్లను పట్టుకుని తిప్పాలి. ఫ్లైవీల్ ఆ అతుకు లోపలే ఉంటుంది కాబట్టి స్టార్టర్‌కు వేరే చోటు లేదు. దాని వీపున ఉన్న చిన్న గొట్టంలాంటిది సోలనాయిడ్, అంటే స్టార్టర్‌కు లావు కరెంటును కలిపే అయస్కాంత స్విచ్చు. లావు కేబుల్ బిగిసిన నట్టు పక్కనే ఒక సన్న వైరు కప్లర్ ఉంటుంది. తాళం తిప్పినప్పుడు కరెంటు వచ్చేది ఆ సన్న వైరులోనే.

ఎదురు చివర బెల్టు చుట్టిన పుల్లీలు చూడండి. వాటిలో అల్యూమినియం ఒంటితో, గాలి పోవడానికి చీలికలతో, లోపల రాగి తీగ కనిపించేది ఆల్టర్నేటర్. మెకానిక్‌లు దాన్ని డైనమో అంటారు. దాని వెనక ఒక నట్టుతో బిగించిన లావు వైరు, రెండు మూడు సన్న వైర్ల కప్లర్ ఉంటాయి. అదే బెల్టు మీద లేదా పక్క బెల్టు మీద రెండు అల్యూమినియం పైపులు అతుక్కుని ఉన్నది ఏసీ కంప్రెసర్. దాని పుల్లీ ముందు భాగంలో అయస్కాంత క్లచ్ ఉంటుంది, దానికి ఎక్కువగా ఒకటే వైరు వస్తుంది. ఏసీ వేసినప్పుడు ‘టక్’మని వినిపించేది ఆ క్లచ్చే.

బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటి బండ్లలో ఇంజిన్ నిలువుగా ఉంటుంది. బెల్టు రేడియేటర్ వైపు తిరిగి ఉంటుంది, గేరుబాక్సు మనుషులు కూర్చునే క్యాబిన్ కిందికి పోతుంది, స్టార్టర్ వెనక కింద దాక్కుంటుంది. వీటిలో చాలా మోడళ్లకు రేడియేటర్ ఫ్యాను బెల్టుతోనే తిరుగుతుంది. అలాంటి బండిలో ఇంజిన్ ఫ్యాను రిలే కోసం వెతికితే దొరకదు, ఎందుకంటే అది లేదు. ఇక టాటా నానోకు ఇంజిన్ వెనక, ఓమ్నీకి ముందు సీట్ల కింద. బీఎండబ్ల్యూలలో బ్యాటరీ డిక్కీలో ఉండి, జంప్ స్టార్ట్ కోసం పాజిటివ్ టెర్మినల్ మాత్రం బానెట్ కింద ఎర్ర మూతతో ఉండడం మామూలే.

ఫ్యూజు పెట్టె గురించి కొంచెం వివరంగా

కార్లో ఫ్యూజు పెట్టెలు సాధారణంగా కనీసం రెండు. ఇంట్లో మెయిన్ బోర్డు ఒకటి, గదుల్లో స్విచ్చు బోర్డులు వేరు ఉన్నట్టే, బానెట్ కింద పెట్టె పెద్ద కరెంటుకు, డ్యాష్‌బోర్డు కింద పెట్టె చిన్న కరెంటుకు. ఫ్యాను, హెడ్‌లైట్లు, హారన్, ఏబీఎస్, ఏసీ క్లచ్, ఇంజిన్ మెయిన్ రిలే, ఫ్యూయల్ పంపు రిలే లాంటివి ఎక్కువగా బానెట్ కిందే ఉంటాయి. వైపర్, మ్యూజిక్, కిటికీ అద్దాలు, లోపలి దీపాల లాంటివి లోపల ఉంటాయి. కొన్ని బండ్లలో పాజిటివ్ టెర్మినల్ మీదనే ఇంకో చిన్న పెట్టె కూర్చుని ఉంటుంది. అందులో 80, 100 ఆంపియర్ల పెద్ద ఫ్యూజులు బోల్టులతో బిగించి ఉంటాయి. వాటిని బ్యాటరీ నెగటివ్ తీయకుండా విప్పవద్దు. స్పానరు ఒక కొన ఫ్యూజు నట్టుకు, ఇంకో కొన బాడీకి తగిలితే మెరుపు వచ్చి స్పానరే అతుక్కుపోతుంది.

సన్నపాటి బ్లేడు ఫ్యూజులలో రంగులకు అర్థం ఉంది: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. కానీ ఫ్యాను ఫ్యూజు చాలాసార్లు డబ్బా ఆకారంలో, పైన పారదర్శకపు మూతతో ఉండే రకం. ఆ రకంలో గులాబీ రంగు 30, ఆకుపచ్చ 40. రంగు చూసి 40కి బదులు 30 పెట్టేసేవాళ్లు, 30 ఉండాల్సిన చోట 40 పెట్టేసేవాళ్లు తరచూ కనిపిస్తారు. రంగును కాదు, మీద అచ్చయిన అంకెను నమ్మండి. ఫ్యూజును కంటితో మాత్రమే చూసి బాగుందని తేల్చవద్దు. చీలిక వెంట్రుకవాసి ఉంటే కనబడదు. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఫ్యూజు బయటికి తీసి చూడండి. లేదా తీయకుండానే టెస్ట్ ల్యాంపు (కరెంటు ఉంటే వెలిగే, మొన ఉన్న చిన్న దీపం) క్లిప్పును బాడీకి తగిలించి, ఫ్యూజు రెండు కొనల మీదా దాని మొన ఆనించండి. ఒక వైపు వెలిగి రెండో వైపు వెలగకపోతే ఫ్యూజు పోయినట్టే.

మూతలోని పటంలో పేర్లు పొడి అక్షరాలలో ఉంటాయి. ఫ్యానుకు ఒకటి కాకుండా ఒకటి, రెండు అని రెండు రిలేలు చూపిస్తే ఆశ్చర్యపోవద్దు. తక్కువ వేగానికి ఒకటి, ఎక్కువ వేగానికి ఇంకొకటి, లేదా రేడియేటర్‌కు ఒకటి, ఏసీ కండెన్సర్ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలి) ఫ్యానుకు ఇంకొకటి. మూతే లేకపోతే బండితో వచ్చిన యజమాని పుస్తకం చివర్లో అదే పటం ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఆ పుస్తకాన్ని కంపెనీ వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. మూత మాత్రం వేరే మోడల్‌ది తెచ్చి బిగించి ఉండవచ్చు. పటంలో చూపిన చోట రిలే లేకుండా ఖాళీ గూడు ఉంటే ఆ అనుమానం పెట్టుకోండి.

రిలేకు సాధారణంగా నాలుగు కాళ్లు. 85, 86 లోపలి కాయిల్‌వి. 30, 87 స్విచ్చువి. 30కి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు, 87 నుంచి ఫ్యానుకు కరెంటు. అంకెలు లేకపోతే రిలే పక్కన చిన్న బొమ్మ ముద్రించి ఉంటుంది.

మీ ఫ్యానును ఈ వరసలో చూడండి

మొదట ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా బండ్లలో ఏసీ వేసిన కొద్దిసేపటికే ఫ్యాను తిరగాలి. ఏసీతో తిరిగి, ఇంజిన్ వేడెక్కినప్పుడు మాత్రం తిరగకపోతే మోటారు మంచిదే. అప్పుడు సెన్సర్‌నో, తక్కువ వేగపు రెసిస్టర్‌నో, కూలెంట్ మట్టాన్నో అనుమానించాలి. రెండింటికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి పోయే దారి).

ఫ్యూజు బాగుంటే రిలే. చాలాసార్లు పక్కనే అదే నంబరున్న రిలే ఇంకొకటి ఉంటుంది, హారన్‌ది లాంటిది. రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడండి. ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. నంబరు మాత్రం అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కాళ్ల ఆకారం ఒకటే అయినా లోపలి వరస వేరుగా ఉండే రిలేలు ఉన్నాయి. మీటరుతో కొలిస్తే 85, 86 మధ్య సుమారు 60 నుంచి 120 ఓములు (కరెంటుకు ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత) రావాలి. రిలే ‘టిక్’మని మోగితే మంచిదేనని చాలామంది అనుకుంటారు. కాయిల్ బాగుండి, లోపలి స్విచ్చు కాలిపోయినా టిక్కు వినిపిస్తుంది. ఫ్యాను ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఆ రిలే లోపల మసి పట్టడం మామూలే. రిలే బయటికి తీసినప్పుడు దాని కాళ్లు, గూడు కూడా చూడండి. గూడు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి కరిగి ఉంటే కొత్త రిలే వేసినా కొద్ది నెలల్లో మళ్లీ అదే కథ.

తర్వాత మోటారు. కప్లర్ తీసి, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. సన్న వైరు వాడవద్దు, వేడెక్కి చేతిని కాలుస్తుంది. లావు వైరుకు మధ్యలో 30 ఆంపియర్ల ఫ్యూజు గూడు కట్టుకుని ఇవ్వండి. ఫ్యాను హాయిగా తిరిగితే మోటారు మంచిది. వణికినట్టు కదిలి ఆగినా, తోస్తేనే తిరిగినా కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు. ఇంత కాకుండా రిలే గూడులోనే 30, 87 రంధ్రాలను వైరుతో కలిపే పద్ధతి వీడియోలలో చూపిస్తారు. ఆ పద్ధతి సరైనదే, కానీ రంధ్రాలు పొరబడి బ్యాటరీ కరెంటు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) నడిపే రంధ్రంలోకి పోతే ఫ్యానుకు బదులు ఈసీయూ పోతుంది. ఏ రంధ్రం ఏదో మీటరుతో తేల్చుకోలేనివాళ్లు ఈ పని చేయవద్దు.

మోటారు, రిలే, ఫ్యూజు మూడూ మంచివైతే సెన్సర్ దగ్గరికి రండి. ఇంజిన్ చల్లగా ఉండగా కప్లర్ తీసి, రెండు కాళ్ల మధ్య ఓములు కొలవండి. గది వేడి దగ్గర సాధారణంగా రెండు వేల ఓముల పైచిలుకు, బాగా వేడెక్కాక మూడు నాలుగు వందలకు తగ్గాలి. అంకె బండిని బట్టి మారుతుంది కానీ, వేడి పెరిగే కొద్దీ ఓములు మెల్లగా, గెంతులు లేకుండా తగ్గాలన్నది మారదు. తాళం ఆన్ చేసి, తీసేసిన కప్లర్‌లో కొలిస్తే సుమారు 5 వోల్టులు రావాలి. అది వస్తే ఈసీయూ నుంచి వైరింగు సరిగా ఉన్నట్టు. కప్లర్ తీసేసి ఇంజిన్ నడిపితే చాలా బండ్లలో ఈసీయూ భయపడి ఫ్యానును దానంతట అదే తిప్పేస్తుంది. అలా తిరిగితే మీ దగ్గర ఫ్యాను లైను మొత్తం బాగున్నట్టే, లోపం సెన్సర్ వైపే. ఈ పరీక్ష తర్వాత చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది, స్కానర్‌తో చెరపాలి.

పాత బండ్లలో ముల్లుకు ఒక సెన్సర్, ఈసీయూకి ఇంకో సెన్సర్, ఫ్యానుకు రేడియేటర్ కింది భాగంలో వేరే స్విచ్చు ఉండేవి. మీ ముల్లు బాగా పని చేస్తోంది కాబట్టి సెన్సర్ బాగుందని తేల్చేముందు, మీ బండికి ఒకటా రెండా అన్నది చూసుకోండి.

ఎలక్ట్రికల్‌తో సంబంధం లేని ఒక కారణాన్ని కూడా మరిచిపోవద్దు. కూలెంట్ తగ్గి సెన్సర్ చుట్టూ గాలి బుడగ చేరితే, ఇంజిన్ ఉడికిపోతున్నా సెన్సర్‌కు ఆ వేడి సరిగా తెలియదు. ఫ్యాను తిరగదు. అందుకని మీటరు కంటే ముందు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కూలెంట్ డబ్బా చూడండి.

సెన్సర్లు ఎక్కడుంటాయి

ఏ సెన్సర్ దేన్ని కొలుస్తుందో దాని మీదనే ఉంటుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది. లోపలికి వచ్చే గాలిని కొలిచేది ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటిన వెంటనే గొట్టం మీద. మ్యానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచేది ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ఒంటి మీద. పొగను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ సైలెన్సర్ మ్యానిఫోల్డ్ మీద. కొత్త బండ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ దాటాక ఇంకొకటి. క్యామ్ షాఫ్ట్ సెన్సర్ ఇంజిన్ తల చివర. క్రాంక్ సెన్సర్ క్రాంక్ పుల్లీ దగ్గర లేదా ఫ్లైవీల్ దగ్గర, చేతికి అందని చోట. ఆయిల్ ప్రెషర్ స్విచ్చు ఎక్కువగా ఆయిల్ ఫిల్టర్ పరిసరాల్లో, ఒక్క వైరుతో ఉంటుంది. దాని చుట్టూ ఆయిల్ చెమర్చి ఉంటే స్విచ్చే కారుతుండవచ్చు, గ్యాస్కెట్ మార్చేముందు దాన్ని చూడండి. ఏసీ ప్రెషర్ సెన్సర్ కండెన్సర్ నుంచి వచ్చే సన్న పైపు మీద. అది చెడిపోతే కంప్రెసర్ క్లచ్ పట్టదు. కొన్ని బండ్లలో ఏసీతో పాటు ఫ్యాను కూడా రాదు. మీకు ఏసీ కూడా సరిగా చల్లబడకపోతే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఈసీయూ మాత్రం ఈ సూత్రానికి లొంగదు. కొన్నింటిలో బ్యాటరీ పక్కన అల్యూమినియం పెట్టెలా కనబడుతుంది, కొన్నింటిలో గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది.

పటంలో కనిపించనివి

నా దగ్గరికి వచ్చే వింత కేసులలో పెద్ద భాగం కంపెనీ వైరింగుది కాదు, తర్వాత తగిలించినవాటిది. పెద్ద హారన్, ఫాగ్ లైట్లు, జీపీఎస్, అలారం. వీటికి బిగించిన రిలేలు ఏ పటంలోనూ ఉండవు. బ్యాటరీ వెనకో, హెడ్‌లైటు పక్కనో టేపుతో వేలాడుతుంటాయి. బయట సీఎన్‌జీ కిట్ వేయించిన బండికైతే దాని సొంత ఈసీయూ, ఇంజెక్టర్ల వరస, ప్రెషర్ సెన్సర్ అదనం. ఆ కిట్ వైర్లు పెట్రోల్ ఇంజెక్టర్ వైర్లను కోసి మధ్యలో చేరతాయి. సీఎన్‌జీ వేయించిన ఒక క్యాబ్‌కు ఇలాగే ఫ్యాను ఒక రోజు తిరిగేది, ఒక రోజు తిరిగేది కాదు. యజమాని అప్పటికే రెండు రిలేలు, ఒక సెన్సర్ మార్పించాడు. చూస్తే కిట్ బిగించినవాళ్లు దాని నెగటివ్‌ను ఫ్యాను ఎర్త్ బోల్టు కిందే ఇరికించి, పైన రంగు గీకకుండా బిగించారు. బోల్టు విప్పి, రంగు గీకి, రెండు ఎర్త్‌లనూ వేరువేరు చోట్ల బిగిస్తే పని అయిపోయింది. బిల్లు రాయడానికి కూడా నాకు మొహమాటమేసింది.

ఎర్త్ గురించి ఎంత చెప్పినా తక్కువే. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు బాడీకి, ఒకటి గేరుబాక్సుకు పోతుంది. హెడ్‌లైటు వెనక, ఫెండర్ లోపలి అంచున, ఇంజిన్ తల మీద రింగు కొనతో బోల్టుకు బిగించిన వైర్లు కనిపిస్తే అవన్నీ ఎర్త్ పాయింట్లే. జపాన్, కొరియా మూలాల బండ్లలో ఎర్త్ వైరు ఎక్కువగా నల్లది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలలో గోధుమ రంగుది. క్లచ్ పని చేయించిన తర్వాత హెడ్‌లైట్లు మసకబారడం, సెల్ఫ్ బరువుగా తిరగడం మొదలైతే గేరుబాక్సు ఎర్త్ బిగించడం మరిచిపోయారేమో చూడండి. పరీక్ష సులువు: మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, ఇంకో కొన ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు దగ్గరలో ఉంటే మంచిది, అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో లోపం. ఇదే పద్ధతి ఫ్యానుకూ పనికొస్తుంది. ఫ్యాను తిరుగుతుండగా దాని నల్ల వైరుకు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య కొలవండి.

ఎలుకలు ఇంకో సంగతి. అపార్ట్‌మెంటు సెల్లార్లలో నిలిపే బండ్లకు వానాకాలంలో ఈ బెడద ఎక్కువ. ఇంజిన్ వేడి కోసం వచ్చి, వైర్ల తొడుగు కొరుకుతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద, బ్యాటరీ తట్టు కింద కొబ్బరి పీచు, రొట్టె ముక్కలు కనిపిస్తే ముందు వైర్లే చూడండి. సెన్సర్ కొనేముందు దాని కప్లర్ నుంచి వెనక్కి జానెడు పొడవున వైరును వేళ్లతో తడమండి. అలాగే అద్దం కింద వైపర్ల దగ్గర వేపాకులు చేరి నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోతే, వాననీరు నేరుగా వైరింగు మీదికి కారుతుంది. సర్వీస్ సెంటర్లో బానెట్ ఎత్తి ప్రెషర్ నీళ్లతో ఇంజిన్ కడగడం నాకు అసలు నచ్చదు. బండి తళతళలాడుతుంది కానీ, ఫ్యూజు పెట్టెలో నీళ్లు చేరి కొన్నాళ్లకు కాళ్లు పచ్చబారతాయి.

చెయ్యి పెట్టకూడనివి

నారింజ రంగు తొడుగు వేసిన లావు కేబుళ్లు. స్ట్రాంగ్ హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో అవి ప్రాణాంతకమైన వోల్టేజివి. మీటరు కూడా ఆనించవద్దు. పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. ముందు బంపర్ వెనక కూడా వాటి సెన్సర్లు ఉంటాయి. డీజిల్ బండిలో ఇంజెక్టర్లకు పోయే సన్న ఉక్కు పైపుల్లో ఇంజిన్ నడుస్తుండగా వెయ్యి బార్ దాటిన ఒత్తిడి ఉంటుంది. వాటి పక్కనున్న కప్లర్ తీయాలన్నా ఇంజిన్ ఆపాకే. బల్బు ఉన్న పాత రకం టెస్ట్ ల్యాంపును ఈసీయూకి పోయే సన్న వైర్ల మీద వాడవద్దు, అక్కడ మీటరే. స్టార్ట్ స్టాప్ ఉన్న బండ్లలో నెగటివ్ టెర్మినల్ మీదనే ఒక చిన్న సెన్సర్ బిగించి ఉండవచ్చు, క్లాంపు సుత్తితో కొట్టి తీసేవాళ్లు దాన్ని పగలగొడుతున్నారు. నెగటివ్‌ను ముందు తీయాలి, చివర పెట్టాలి.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. మామూలు మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంపు, ఫ్యూజు లాగే చిన్న పట్టకారు (అది చాలాసార్లు పెట్టె మూతలోనే గుచ్చి ఉంటుంది), మంచి టార్చి. మీటరుతో ఫ్యాను కంటే ముందు బ్యాటరీ చూడండి: రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి వస్తే సగం. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. ఏ కప్లర్ తీసినా ముందు ఫోనుతో ఫోటో తీసుకోండి. పదేళ్ల బండిలో ప్లాస్టిక్ నాలుకలు ఎండిపోయి ఉంటాయి, వైరు పట్టుకుని లాగితే కప్లర్ బదులు వైరు చేతికి వస్తుంది. నాలుకను నొక్కిపెట్టి, కప్లర్‌ను ముందుకు కొద్దిగా తోసి, ఆ తర్వాత వెనక్కి లాగండి.

మీ బండి విషయంలో నా అనుమానం, మీరు చెప్పిన లక్షణాలను బట్టి, రిలే లేదా మోటారు బ్రష్‌ల మీద. రిలే కొత్తది వేసినా ఫ్యూజు మళ్లీ పోతే పెద్ద ఫ్యూజు వేయకండి. చాలాసార్లు మోటారు బిగిసి ఎక్కువ కరెంటు లాగుతోందని అర్థం. అలా అయితే ఫ్యాను సెట్టు మార్చాలి. అది దొరికేలోపు బండి తీయక తప్పకపోతే ఏసీ వేయకండి. ముల్లు లేస్తుంటే హీటర్‌ను పూర్తి వేడి మీద, బ్లోయర్‌ను పూర్తి వేగం మీద పెట్టి, కిటికీలు దించేయండి. ఇంజిన్ వేడిలో కొంత భాగం అటు పోతుంది, మే నెలలో ఒళ్లు ఉడుకుతుంది గానీ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ తల కింద ఉండే సీలు) మిగులుతుంది. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తే మాత్రం పక్కన ఆపి, ఇంజిన్ కట్టేసి, కనీసం అరగంట ఆగండి. ఏసీతో ఫ్యాను తిరిగిందా లేదా, రిలే మార్చినప్పుడు ఏమైంది, సెన్సర్ ఎన్ని ఓములు చూపించింది, ఈ మూడూ చెప్పి, ఫ్యూజు పెట్టె మూత లోపలి ఫోటో పెట్టండి. దాన్ని బట్టి తర్వాత ఏ వైరు చూడాలో చెబుతాను.